వియ్యంకుడికి ఒక లారీ క్లోరిన్

ఇలా దగ్గరికి జరుగు. ఆ ఫోను పక్కన పెట్టి చెవి ఇటు ఇవ్వు. పరువుకు పోయి కరువు తెచ్చిన పెద్దమనిషి సంగతి చెబుతాను.

ఆయన ఒక కార్ఖానాలో అమ్మకాల మేనేజరు. ఉప్పునీళ్లలోకి కరెంటు పంపడం ఆ కార్ఖానా పని. పంపితే ఒకే కాన్పులో ఇద్దరు పుడతారు, కాస్టిక్ సోడా, క్లోరిన్. ఒకడు చాలు, రెండోవాడు వద్దంటే కుదరదు. ఆ ఏడు కాస్టిక్ కోసం సబ్బులవాళ్లు గేటు ముందు బారులు తీరారు. క్లోరిన్ మొహం చూసిన నాథుడు లేడు. పోనీ గాలిలోకి వదిలేద్దామంటే ఊరు ఊరంతా దగ్గి చస్తుంది. కాస్టిక్‌లోనే కలిపి దాని పొగరు అణచవచ్చు గానీ, అది పట్టుగుడ్డతో బురద తుడిచినట్టు. అందుకని ట్యాంకులో దాస్తారు. ట్యాంకు నిండిందా, కరెంటు ఆపాలి. కరెంటు ఆగితే కాస్టిక్కూ ఆగుతుంది.

ఆ పొద్దున మేనేజరు గడ్డం గీసుకుంటుంటే యజమాని ఫోను చేశాడు. "ఊరికే ఇస్తారో, లారీ కిరాయి కూడా ఎదురిస్తారో మీ ఇష్టం. సాయంత్రానికి ట్యాంకు తేలికపడకపోతే రేపటినుంచి మీరు రానక్కర్లేదు."

మేనేజరు కంగారు పడలేదు. ఆయన వియ్యంకుడు ఊరి నీళ్లు శుద్ధి చేసేచోట కొనుగోళ్లు చూస్తాడు. ఒక మాట అడిగితే సరిపోతుందనుకున్నాడు. కాఫీ తెచ్చిన భార్య ఆ ఆలోచన విని గ్లాసు ఠక్కున పెట్టింది.

"వియ్యంకుణ్ణి బతిమాలతారా? అమ్మాయి పెళ్లయి ఏడాది తిరగలేదు. అక్కర్లేని సరుకు మాకంటగట్టారని పిల్లని జన్మంతా దెప్పుతారు. కాస్త బెట్టుగా మాట్లాడండి."

ఆయన బెట్టుగానే మాట్లాడాడు.

"బావగారూ, బజార్లో క్లోరిన్ కొంచెం బిగుసుకుంటోందండీ. మీరు కాబట్టి ఒక లారీ ఎలాగో సర్దుతాను."

"బిగుసుకుంటోందా? మా చెవిన పడలేదే! ధరెంత?"

"మనలో మనకి ధరేంటండీ. ఊరికే పట్టుకెళ్లండి."

"బాగుంది! ఆడపిల్లవారి సొత్తు ఊరికే తిన్నామని నలుగురూ ఆడిపోసుకోవాలా? మొన్నటి ధర మీద సగం ఎక్కువేసుకోండి."

"అయ్యయ్యో, అంత వద్దు!"

"చాల్లేదని నోరు తెరిచి చెప్పలేకపోతున్నారు, నాకు తెలీదా? రెట్టింపు. లారీ ఇప్పుడే బయల్దేరుతోంది."

ఫోను పెట్టేసి వియ్యంకుడు లెక్క కట్టాడు. రెట్టింపు ఇస్తానన్నా మనిషి కిక్కురుమనలేదంటే కరువు ఏ స్థాయిలో ఉన్నట్టు! ఆ రహస్యాన్ని బ్లీచింగ్ పౌడరు చేసే స్నేహితుడికి ఒక్కడికే చెప్పాడు. అతను ప్లాస్టిక్ గొట్టాలవాడికి ఒక్కడికే చెప్పాడు. మధ్యాహ్నానికి మేనేజరు ఫోను పొయ్యి మీది పెనంలా కాలిపోయింది.

"మా దగ్గర బోలెడుందండీ, బాబూ" అని ఆయన నిజం చెబితే, అవతలివాడు నవ్వాడు. "ఉన్నవాడెవడూ ఉందని చెప్పడు సార్. మీరు చెబుతున్నారంటే పూర్తిగా అడుగంటిందన్నమాట. ఇంకో వంద కలుపుకోండి."

ఈలోగా వియ్యంకుడి లారీ వచ్చింది. ఖాళీ సిలిండర్లు దింపి, ఎక్కడైనా కారుతున్నాయేమోనని మూతల దగ్గర అమోనియాలో తడిపిన గుడ్డ పెట్టి చూస్తున్నారు. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి! పొద్దున ఎదురు డబ్బిచ్చి వదిలించుకుందామన్న సరుక్కి ఇప్పుడే ఈ ధరుంటే, రేపటికి ఎంతవుతుందో!"

"ఆ కరువు నిజం కాదండీ. వియ్యంకుడి ముందు పరువు కోసం నేనే పుట్టించాను" అని మేనేజరు చేతులు నలుపుకున్నాడు.

"పుట్టించారుగా, ఒక్కరోజు బతకనివ్వండి!"

లారీ ఉత్త సిలిండర్లతో వెనక్కి తిరిగింది. వియ్యంకుడు ఫోనులో నిప్పులు చెరిగాడు. "పిలిచి పీట లాగేస్తారా బావగారూ? ఏటి అవతల కార్ఖానా లేదనుకున్నారా?" ఆయన లారీ వెనకే బ్లీచింగ్‌వాడిదీ, గొట్టాలవాడిదీ ఏరు దాటాయి. అవతల యజమాని కూడా నిండిన ట్యాంకు కింద కూర్చుని ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని చూస్తున్నాడు. అడగకుండానే రెట్టింపు ఇస్తామని జనం ఎగబడేసరికి, కలో నిజమో తేల్చుకోవడం తర్వాత అనుకుని, నోరు మూసుకుని సిలిండర్లు నింపించాడు.

సాయంత్రం ఇవతల ట్యాంకు నిండిపోయింది. కరెంటు ఆపారు, కాస్టిక్ ఆగింది, సబ్బులవాళ్లు గేటు పట్టుకుని ఊపేశారు. "ఇదంతా మీ గొప్పల వల్లే" అని యజమాని ఉద్యోగం పీకేశాడు. రేపటికి ఆగమన్నదెవరో ఆయనకు గుర్తు రాలేదు.

మేనేజరు వాడిన మొహంతో ఇల్లు చేరి చెప్పులు విప్పుతుంటే ఫోను మోగింది.

"నేను ఏటి అవతల కార్ఖానా యజమానినండీ. మా ట్యాంకు ఖాళీ చేయించిన పుణ్యాత్ములు మీరేనని మీ వియ్యంకుడుగారు తిడుతుంటే తెలిసింది. ఒక్క సిలిండరైనా ముట్టుకోకుండా ఇంత సరుకు అమ్మిన మనిషిని నేను చూళ్లేదు. మా దగ్గరికి వచ్చేస్తారా?"

భార్య పక్కనుంచి చెయ్యి ఊపింది. "వెంటనే ఒప్పుకోకండి. రెండుసార్లు పిలిపించుకోండి."

ఆయన పెళ్లయ్యాక మొదటిసారి ఆమె మాట వినలేదు. "ఇప్పుడే రమ్మన్నా వస్తానండీ" అన్నాడు.

ఇది గుర్తుపెట్టుకుని నీ తర్వాతివాళ్లకి చెప్పు. క్లోరిన్ ధరెంతని ఎవరైనా అడిగితే మాత్రం ఊరుకో, నువ్వు చెప్పేలోపు అది మారిపోతుంది.