తలుపు ఎలాగైనా వేసుకోండి

మానవుడు కోటగోడలు కట్టాడు, అగడ్తలు తవ్వాడు, తాళంకప్పలు కనిపెట్టాడు. వాటన్నిటిలోనూ ఒకే లోపం మిగిలిపోయింది: ఇంటి యజమాని మాత్రం లోపలికి రాగలిగేవాడు. ఆ లోపాన్ని సరిదిద్దిన ఘనత గృహ నిస్తంతు భద్రతా విభాగానిది. (వైఫై అనే మాటను ఆ విభాగంలో ఎవరూ వాడరు. చులకనగా ఉంటుందట.)

ఆ విభాగం నుంచి నాకొక నోటీసు వచ్చింది. మా ఇంట్లో ఉన్న వైఫై పెట్టెకు తొమ్మిదేళ్లు నిండాయనీ, ఆ వయసు పెట్టెలు ఎవరినిబడితే వారిని నమ్మేస్తాయనీ, అందుచేత దాన్ని విధుల నుంచి తప్పించి కొత్తది బిగిస్తామనీ అందులో ఉంది. నేనూ రిటైరైనవాణ్ణే కాబట్టి పెట్టె తరఫున కాస్త నొచ్చుకున్నాను.

అయినా, పెట్టె పోతే పోయింది. దాని పేరు పోకూడదు. నా తాపత్రయమంతా అదే.

వైఫైకి మనకు తోచిన పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరు మన ఫోన్లలోనే కాదు, చుట్టుపక్కల ఎవరి ఫోనులో వెతికినా జాబితాలో కనపడుతుంది. చాలామంది పెట్టెతో వచ్చిన అంకెలనే ఉంచేస్తారు. మా ఆవిడ ఉంచలేదు. మా పై వాటాలో ఒక లెక్కల టీచరుగారు ఒంటరిగా ఉంటారు. ఆవిడ తలుపు వేస్తే మా గోడ మీది క్యాలెండరు పక్కకు తిరిగేది. పైకి వెళ్లి చెప్పడానికి మా ఆవిడకు మొహమాటం. చెప్పకుండా ఊరుకోవడానికి ఓపిక లేదు. ఒక ఆదివారం కూర్చుని మా వైఫై పేరు "తలుపు మెల్లగా వేయండి" అని మార్చింది. (ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. ముప్పై రెండు అక్షరాలు దాటితే పెట్టె ఒప్పుకోదు. పోట్లాటలన్నిటికీ ఈ నిబంధన ఉంటే బాగుండేది.)

మర్నాడు పై వాటా వైఫై పేరు మారింది: "ముందు మిక్సీ ఆపండి."

అలా ఆరేళ్లు నడిచింది. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ నవ్వుకునేవారు, ఎండల గురించి మాట్లాడుకునేవారు, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లి పేర్లు మార్చుకునేవారు. "మిక్సీ రెండు నిమిషాలే." "గడియారం చూశా, ఏడు." "మొక్కల నీళ్లు మా బట్టల మీద." "బట్టలు కాస్త లోపలికి." మా పేరు మారినప్పుడల్లా ఇంట్లో ఫోన్లన్నీ దారి తప్పి మళ్లీ పాస్‌వర్డ్ అడిగేవి. నేను మా ఆవిడను అడిగేవాణ్ణి. (పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీదే అంటించి ఉండేది. అడగడంలోని సుఖం వేరు.)

మూడేళ్ల కిందట మా ఆవిడ ఆసుపత్రిలో చేరిన సాయంత్రం పై వాటా పేరు "అంతా కులాసానా" అయింది. నాకు పేరు మార్చడం రాదు. జవాబివ్వలేకపోయాను. నెల తర్వాత ఆవిడ ఇంటికి వచ్చి పదకొండు రోజులు ఉంది. మూడో రోజు దిండుకు ఆనుకుని, ఫోను ఇటివ్వమని తీసుకుని, చాలాసేపు ఏదో నొక్కుతూ కూర్చుంది. మా వైఫై పేరు మారింది: "తలుపు ఎలాగైనా వేసుకోండి."

అదే ఆఖరి మార్పు. ఈ మూడేళ్లలో పై వాటా తలుపు చప్పుడు నేను వినలేదు.

ఇక నోటీసు సంగతి. పొద్దున పదింటికీ సాయంత్రం ఆరింటికీ మధ్య ఎప్పుడైనా ఒక నిపుణుడు వస్తాడనీ, ఆ సమయంలో నేను స్నానం వంటి వ్యక్తిగత కార్యక్రమాలు పెట్టుకోరాదనీ విభాగం వారి యాప్ హెచ్చరించింది. నాలుగో వాయిదాకు నిపుణుడు నిజంగానే వచ్చాడు. ఇంచుమించు నా వయసువాడే. ఒక భుజాన సంచీ, రెండో భుజాన పన్నెండడుగుల నిచ్చెన.

"ఎక్కడానికి మా ఇంట్లో ఏముందయ్యా? పెట్టె బల్ల మీదే ఉంది" అన్నాను.

"ఎక్కడానికి కాదు సార్. నిచ్చెనతో ఫోటో పెట్టకపోతే పని మొదలైనట్టు యాప్ ఒప్పుకోదు. మా కంపెనీలో అందరం మోస్తాం. రెండేళ్లుగా నేనొక్క మెట్టు ఎక్కింది లేదు." మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. ఫోటోలో నిచ్చెన పట్టుకున్నది నేనే.

కొత్త పెట్టె పాత దానికంటే పెద్దది, నల్లది, ఆరు కొమ్ములున్నది. మొదట పాస్‌వర్డ్ కావాలంది. నిబంధనలు నిపుణుడు చదివి వినిపించాడు. పద్నాలుగు అక్షరాలుండాలి. వాటిలో ఏ రెండూ కలిసి ఏ భాషలోనూ మాట కాకూడదు. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇష్టమైనవారి పేరు, ఇష్టం లేనివారి పేరు పనికిరావు.

"రాసిపెట్టుకోవచ్చా?"

"రాసిపెట్టుకోకూడదు సార్. గుర్తుండేదీ పెట్టకూడదు."

"మరి లోపలికి వెళ్లేదెలా?"

"'మర్చిపోయాను' అని బటన్ ఉంటుంది కదండీ. ఊళ్లో అందరూ అలాగే వెళ్తున్నారు. నేనూ అంతే."

ఆ తర్వాత పేరు. పాత పేరే పెట్టమన్నాను. అతను ఒక్కో అక్షరం అడిగి మరీ టైపు చేశాడు. తెర ఎర్రబడింది. "ఈ పేరు పరిశీలనకు పంపబడినది" అని వచ్చింది. రెండు నిమిషాల్లో నా ఫోను మోగింది. మాట్లాడినావిడ తాను పేర్ల పరిశీలనాధికారినని చెప్పింది.

"సార్, మీ నిస్తంతు వలయం పేరులో 'తలుపు' అనే మాట ఉంది. ఇంటి ప్రవేశమార్గాల సమాచారం బయటపెట్టడం నిషేధం సార్."

"మాకు తలుపుందని వీధిలోంచి చూసినా తెలుస్తుందమ్మా."

"చూడటం వేరు సార్, ప్రకటించడం వేరు. పైగా 'ఎలాగైనా' అంటున్నారు. గడియ పెట్టకపోయినా పరవాలేదనేగా అర్థం?"

"అది మా తలుపు కాదు. పైవాళ్లది."

అవతల కీబోర్డు చప్పుడు. "ఇతరుల తలుపా సార్? అయితే ఇంకో సెక్షను కూడా వర్తిస్తుంది."

ఆవిడ కఠినురాలేమీ కాదు. పేరు మినహాయింపు పత్రం ఒకటి ఉందనీ, అది నింపితే ఆలోచిస్తారనీ తనంతట తానే చెప్పింది. పేరు పెట్టిన వ్యక్తి తన ఉద్దేశాన్ని స్వయంగా వివరించాలి. అది కుదరని పక్షంలో "పేరు పెట్టినవారు అందుబాటులో లేకపోవుటకు కారణం" అనే గడి నింపాలి. నాలుగు కారణాలు ఇచ్చారు: నిద్ర, ప్రయాణం, అలక, ఇతరములు. మూడోదాని దగ్గర కొద్దిసేపు ఆగాను. నలభై ఏళ్ల కాపురంలో ఎక్కువగా పనికొచ్చింది అదే. చివరికి "ఇతరములు" నొక్కాను.

"ఎప్పటికి అందుబాటులోకి వస్తారు?" అని తర్వాతి గడి. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. క్యాలెండరు తెరిచి, నెల తర్వాత నెల తిప్పుకుంటూ, అందులో ఉన్న ఆఖరి సంవత్సరం ఆఖరి రోజు దాకా వెళ్లాను. అంతకు మించి పేజీలు లేవు. ఆ తేదీ వేశాను. ఒక రోజు ముందుగా నాకు గుర్తుచేస్తానని యాప్ మాట ఇచ్చింది.

మినహాయింపు తేలేదాకా మా ఇంటికి తాత్కాలిక నామం కేటాయించారు: గృహం-4471-బి. నిపుణుడు పాత పెట్టె తీగ పీకాడు. దాని పచ్చదీపం ఆరిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. (అక్కడ చూడవలసిందేమీ లేదు.)

పావుగంట కాలేదు, కాలింగ్ బెల్ మోగింది. పై వాటా టీచరుగారు. తొమ్మిదేళ్లలో ఆవిడ మా గుమ్మంలోకి రావడం అది రెండోసారి. చేతిలో ఫోను ఉంది.

"అన్నయ్యగారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

"లేదమ్మా, ఎందుకలా అడిగారు?"

"వదినగారి మాట కనపడటం లేదు. పొద్దున చూశాను, ఉంది. ఇప్పుడేదో నాలుగు వేల చిల్లర అంకె ఉంది." హాల్లో పడుకోబెట్టిన నిచ్చెన చూశారు. "సామాన్లు కూడా దింపేస్తున్నారేమో అనుకుని గబగబా వచ్చేశా."

సెక్షన్ల సంగతి చెప్పాను. ఆవిడ కూర్చోకుండానే విన్నారు.

"మెల్లగా వేయండి అన్నన్నాళ్లూ పంతంగా వేశాను, చూడండి. ఎలాగైనా వేసుకోమన్నాక మాత్రం చేతులు రాలేదు. బయటికి వెళ్లేముందు ఫోనులో ఆ మాట చూసుకుని, గడియ దగ్గర చెయ్యి అడ్డం పెట్టి వేస్తాను. మూడేళ్లుగా అంతే." నిపుణుడి వైపు తిరిగారు. "ఏవయ్యా, దానికేం దారి లేదా?"

"కొత్త పెట్టెలో లేదు మేడం." అతను పాత పెట్టెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "దీనికైతే మా తీగ లేకపోయినా పరవాలేదు. ఒట్టి కరెంటు ఇచ్చి వదిలేస్తే దాని పేరు అది చెప్పుకుంటూనే ఉంటుంది. ఇంటర్నెట్ మాత్రం రాదు."

"ఇంటర్నెట్ ఎవరడిగారు?" అన్నారు టీచరుగారు.

"కానీ పాత పెట్టె మేం పట్టుకెళ్లిపోవాలి మేడం. ఇచ్చినట్టు సార్ సంతకం పెట్టాలి. లేదంటే దొరకలేదని నేను రాయాలి."

అతను కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పెట్టెను బల్ల మీద, ముందు ఎక్కడుందో అక్కడే పెట్టి, ఫోనును ముక్కుకు ఆనించుకుని టైపు చేశాడు. "దొరకలేదని రాశాను సార్. అద్దాలు లేకపోతే నాకు జానెడు దూరం కూడా ఆనదు."

నిచ్చెనను వీధి దాకా నేను ఒక కొసన, అతను ఒక కొసన పట్టుకుని దింపాం. నేను తిరిగి వచ్చేసరికి టీచరుగారు పాత పెట్టెకు కరెంటు ఇచ్చి, పచ్చదీపం వెలిగేదాకా నిలబడి, పైకి వెళ్లిపోయారు. కాసేపటికి పై వాటా తలుపు ధనామని పడింది. క్యాలెండరు పక్కకు తిరిగింది. నేను సరిచేయలేదు.

ఆ రోజు నుంచి నా ఫోను, కొత్త పెట్టెకు ఆరు కొమ్ములున్నా లక్ష్యపెట్టకుండా, పోయి పోయి పాత పెట్టెతోనే కలుస్తోంది. కలిసిన ప్రతిసారీ అడుగుతుంది: "దీనికి ఇంటర్నెట్ లేదు. అయినా కలిసి ఉంటారా?" ఉంటానని నొక్కుతాను.

వారం తర్వాత విభాగం నుంచి భద్రతా నివేదిక వచ్చింది. మా ఇంటికి నూటికి అరవై ఒక్క మార్కులు వేశారు. టీచరుగారికి చూపిస్తే, "ఫస్టు క్లాసే కదా, ఏడుస్తారెందుకు" అన్నారు. (నేను ఏడవలేదు. అద్దాలు తుడుచుకున్నాను.) తగ్గిన ముప్పై తొమ్మిది మార్కులకు కారణం కింద రాశారు: "ఏ ప్రయోజనమూ లేని పాత సంబంధాన్ని తెంచుకొనుటకు వినియోగదారుడు నిరాకరించుచున్నాడు."

పై వివరం వాస్తవమని సంతకం చేసి పంపమన్నారు. ఆ విభాగం నా గురించి ఇంతవరకు నమోదు చేసినవాటిలో తప్పులేనిది అదొక్కటే. చేసి పంపాను.