పీపా నింపిన అల్లుడు

ఆ ఉదయం సొలాంజ్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకి లియోన్ నుంచి హోటల్ యజమాని పెరో వస్తాడు. నేలమాళిగలో సిలువ గుర్తు వేసిన పీపా రుచి చూస్తాడు, తల ఊపుతాడు, కొనుక్కుపోతాడు. ఆరేళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టని వైన్ అది. ఆ ఒక్క పీపా అమ్ముడైతే ఏడాది ఇల్లు గడుస్తుంది. కాకపోతే పెరో పక్క ద్రాక్షతోట బూవ్రే గడప తొక్కుతాడు. ఆ గడప తొక్కిన బేరం తిరిగొచ్చిన దాఖలా ఈ జూరా కొండసీమలో లేదు.

సొలాంజ్ కాఫీలో రొట్టె ముంచుతుండగా కొత్త అల్లుడు బాస్తియాన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పక్క వైన్ సీమ బర్గండీ పిల్లవాడు.

"అత్తయ్యా, మీరు లేవకముందే ఓ పని చక్కబెట్టేశాను. నిన్న చూపించారే, ఆ సిలువ పీపా! మూడో వంతు ఖాళీ, పైన తెల్లగా బూజు కూడానూ. నాకు నిద్ర పడితే ఒట్టు. మిమ్మల్ని లేపడం ఎందుకని దీపం కూడా వెయ్యకుండా, వెన్నెల్లో సిలువ గుర్తు చూసుకుని, షార్దొనే తెల్ల వైన్ తెచ్చి అంచుదాకా నింపేశాను."

సొలాంజ్ చేతిలోని రొట్టె కాఫీలో మునిగిపోయింది. బర్గండీలో పీపా నింపకపోతే పాపం. జూరాలో ఈ వైన్‌ని నింపితే పాపం. ఆ ఖాళీలో కట్టే తెల్లటి పొరే దాని ప్రాణం. దాని కింద ఆరేళ్ళు నిద్రపోతేనే సీసాలో మరో యాభై ఏళ్ళు బతుకుతుంది.

"బూజా! నాయనా, ఆ బూజు పెంచడానికే నాకు ఆరేళ్ళు పట్టింది. మీ మామగారిని ఒక్క మాట అడగొచ్చు కదా?"

"అడిగాను. ఆయనేమీ అనలేదు."

"చర్చిలో పెళ్ళికి ఒప్పుకోవడానికే ఆయన్ని మూడుసార్లు అడగాల్సొచ్చింది!"

"కానీ అత్తయ్యా, ఒక్కటే వింత. అంత ఖాళీకి చెంబెడే పట్టిం..."

"ఇంకో మాట మాట్లాడావంటే పుట్టింటికి పంపించేస్తాను. మా అమ్మాయిని కాదు, నిన్ను!"

వెళ్ళి చూసుకుందామని లేచేసరికి వాకిట్లో కారు ఆగింది. పెరో ముందే వచ్చేశాడు. అతని వెనకే, నిచ్చెన తిరిగివ్వడానికట, బూవ్రే. ఎప్పుడో వసంతంలో పట్టుకెళ్ళిన నిచ్చెన, లియోన్ కారు కనబడిన రోజే అతనికి గుర్తొచ్చింది.

"పదండమ్మా, కిందికి," అన్నాడు పెరో.

"ముందు కాస్త చీజ్ తినండి."

తిన్నాడు. "ఇప్పుడు పదండి."

"ఈవేళ ఉత్తరపు గాలి. మా వైన్‌కి పడదు."

"బయట ఆకు కూడా కదలడం లేదే?"

"తాళంచెవి మా ఆయన దగ్గరుంది."

"ఆయన ఇందాకే కిందికి దిగుతూ కనబడ్డారు." పెరో ముఖం ముడుచుకుంది. "పారిస్ వాళ్ళకెవరికైనా మాటిచ్చేశారా? సూటిగా చెప్పండి."

ఇంకా దాస్తే కొనే మనిషే చెయ్యి జారిపోతాడు. చెబితే పీపా ఒక్కటే పోతుంది. సొలాంజ్ చిన్న నష్టాన్నే ఎంచుకుంది.

"మా అల్లుడు నింపేశాడు. చెడిపోయింది."

పెరో చావు కబురు విన్నవాడిలా టోపీ తీశాడు. బూవ్రే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పారబోస్తే ఏమొస్తుంది వదినా? ఆ ఆరేళ్ళ పీపా వెనిగర్ ధరకి నాకిచ్చెయ్. మా ఆవిడ కోడికూరలో పోసుకుంటుంది."

"పీపాడు వైనా? మీ ఇంట్లో కోళ్ళెన్ని?"

"కోళ్ళదేముంది, పుడుతూనే ఉంటాయి. ఊఁ అను."

సున్నా కన్నా ఎంతైనా మేలే. సొలాంజ్ చెయ్యి చాచింది, బూవ్రే చేతిలో చెయ్యి వేశాడు. పెరో సాక్షి. జూరాలో చెయ్యి కలిపాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.

అప్పుడు మెట్లెక్కి వచ్చాడు ఆమె భర్త అన్సెల్మ్, చేతిలో గ్లాసుతో. గదంతా బాగా పండిన వైన్‌కుండే అక్రోటు వాసన నిండింది. పెరో ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"ఇదెక్కడిది?"

"ఆ ఆరేళ్ళ పీపాదే. రాత్రి అల్లుడు చెంబు పట్టుకుని తచ్చాడుతుంటే అనుమానమొచ్చి, సిలువ గుర్తు తుడిచేసి షార్దొనే పీపా మీద వేశాను. అతను నింపింది దాన్ని. దాన్ని నింపాల్సిందే కూడాను."

పెరో గ్లాసు దించి, సొలాంజ్ వైపు కాదు, బూవ్రే వైపు తిరిగాడు. "ఎంతకిస్తారు?"

"మా ఇంట్లో మాట్లాడుకుందాం రండి." బూవ్రే అప్పటికే అతనికి తొడగడానికి కోటు పట్టుకుని నిలబడ్డాడు.

వాళ్ళు గేటు దాటాక సొలాంజ్ మొగుడి మీద విరుచుకుపడింది.

"ఆ ముక్క ముందే వచ్చి ఏడవొచ్చు కదా!"

"గుమ్మందాకా వచ్చాను. నువ్వు బేరంలో ఉన్నావు. నువ్వు బేరమాడేటప్పుడు నన్ను నోరు తెరవద్దన్నావుగా."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను ఆమె మాట విన్నది అదే మొదటిసారి.