మట్టిరాజుకు ఘన సన్మానం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఈ గాలికి సగం మాట సముద్రంలోకి కొట్టుకుపోతుంది. వాకాడు పక్కన మా ఊళ్ళో పంచాయతీ ప్రెసిడెంటు గారిని ఊరంతా కలిసి, ఆయన ఎదుటే, ఆయన చప్పట్ల నడుమ వధించిన వైనం చెబుతాను. కంగారు పడకండి. ఆయన క్షేమమే.

మా ఊళ్ళో ఏటా వేసవి తిరునాళ్ళలో ఒక రాజును చంపుతారు. ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు. అమ్మవారి గుడి ముందు తాటిచెట్టంత పొడుగున ఒక దుర్మార్గపు రాజును మట్టితో చేసి, వెల్లకిలా పడుకోబెడతారు. తొడలో ఎర్రనీళ్ళ కుండ దాస్తారు. ఊరి తరఫున ఒకడు గదతో ఆ తొడ పగలగొట్టగానే జనం ఎగబడి, రాజు ఒంటి మన్ను పిడికెడు చొప్పున పట్టుకుపోతారు. ఆ మన్ను మడిలో చల్లనిదే ఎండాకాలపు ఎడగారు పంటకు విత్తనం వేయరు. రాజు చస్తేనే పైరు బతుకుతుందని పెద్దలు ఏ కాలంలోనో కళ్ళారా చూసి ఉంటారు.

చంపడంలోనూ మర్యాదలున్నాయి. రాజు మనల్ని చంపితే శిక్ష. మనం రాజును చంపితే ద్రోహం. అదే పని దేవుడు చేస్తే మోక్షం. తెల్లదొరలు వచ్చాక కోర్టు, తాడు, డాక్టరు సర్టిఫికెట్టు ఏర్పాటై చచ్చేవాడికి ఎంతో సౌకర్యం కలిగింది. మామూలు మనిషి మాత్రం అన్ని కాలాల్లోనూ ఊరికే పోతాడు.

పంచాయతీలకు కొత్తగా అధికారాలు వచ్చిన రోజులవి. ప్రెసిడెంటు రంగనాయకులు గారు నెల్లూరులో పెద్దమనుషుల విగ్రహాలు చూసి వచ్చి, తనకొకటి లేకపోవడం ప్రజలకే అవమానమని బాధపడ్డారు. ఏటా వేసవికి బెంగుళూరు వెళ్ళే మనిషి గనుక మా తిరునాళ్ళ ఎన్నడూ చూసి ఎరగరు. గుడి ముందు పెద్ద రాజు బొమ్మ తయారవుతున్నదని విని, బొమ్మ చేసే ఆదెయ్యను పిలిపించారు.

"దానికి నా మొహం పెట్టు."

"అయ్యా, ఆ రాజు సంగతేందంటే..."

"రాజే గదా? పెట్టు!"

ఆదెయ్య పెట్టాడు. మీసం కుదిరింది. కళ్ళద్దాలకు రెండు జల్లెడ చట్రాలు సరిపోయాయి.

తిరునాళ్ళ నాటి ఉదయం పంచాయతీ గుమాస్తా క్రీస్తుదాసు ధైర్యం తెచ్చుకుని మిగతా కార్యక్రమం విన్నవించాడు. పోనీ మొహం చెక్కేద్దామా అన్నాడు. "తొడతో పోయేదానికి తల తీస్తావా!" అని ప్రెసిడెంటు గారు మండిపడ్డారు. వెంటనే దండోరా వేయించారు: రాజావారి మరణశిక్ష నిలుపుదల చేయడమైనది, తదుపరి ఉత్తర్వుల వరకు ఎవరూ వారి తొడ తాకరాదు. తొడ దగ్గర పోలీసును కూడా నిలబెట్టారు.

ఆ దండోరా మస్తానమ్మ కొంప ముంచింది. మొగుడు పోయాక ప్రెసిడెంటు గారి మడి కౌలుకు చేసుకుంటున్న మనిషి. తిరునాళ్ళ లెక్క చూసుకుని, ఉన్న విత్తనమంతా నానేసింది. గోనెలో మొలకలు వేళ్ళు పెనవేసుకుంటున్నాయి. రేపు చల్లకపోతే కుళ్ళడమే. మళ్ళీ విత్తనం లేదు.

గద పట్టే ఓబులేసు దగ్గరికి పరుగెత్తింది.

"కొట్టరా తమ్ముడా, మట్టే గదరా!"

"మట్టేలే అక్కా. ఆ మొహం చూస్తే చెయ్యి లేవడంలా. మా గుడిసె ఉండేది ఆయన జాగాలోనే."

ఆమె నేరుగా ప్రెసిడెంటు గారి అరుగు ముందుకు పోయి దండం పెట్టింది.

"మిమ్మల్ని చంపేదేంది సామీ, పాపం తగలదా! ఊరంతా మీకు సన్మానం చేద్దామంటే ఆ పోలీసాయన అడ్డం నిలబడుండాడు."

"సన్మానమా?"

"అవునయ్యా. గద ముట్టించి, కుంకం నీళ్ళు చిలకరించి, మీ మన్ను ఇంటింటికీ తీసకపోతారంట."

ప్రెసిడెంటు గారి కళ్ళు చెమర్చాయి. క్రీస్తుదాసు కార్యక్రమ పత్రంలో వధ కొట్టేసి ఘన సన్మానం అని రాశాడు. గద దెబ్బను గదాస్పర్శగా సవరించాడు. పోలీసు తొడ విడిచి వేదిక కాపలాకు మారాడు.

సాయంత్రం ప్రెసిడెంటు గారు మెడలో దండలతో లేచి ఉపన్యసించారు: "ఈ దేహం ప్రజలది! రండి, ఎవరి భాగం వారు తీసుకోండి!" ఓబులేసు అంత గట్టిగా గదాస్పర్శ చేయడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎర్రనీళ్ళు వేదిక దాకా చిమ్మి ఆయన ఖద్దరు తడిసింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. మస్తానమ్మకు తొడ మన్నే దొరికింది. తెల్లవారి మొలక చల్లింది. పైరు నడుము ఎత్తున లేచింది.

ఆ పైరు చూసి ప్రెసిడెంటు గారి మనసు పొంగింది. అంత మంచి మడి ఆడమనిషి చేతిలో ఉండటం తగదని, కోత కాగానే కౌలు మాన్పించి సొంతానికి కలుపుకున్నారు. అయితే ఊరు నేర్పిన మర్యాద మరిచే మనిషి కాదు. అదే వేదిక మీద మస్తానమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఆదర్శ రైతు అని ప్రకటించారు. దిక్కు తోచక ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఇది మరవకండమ్మా, మీ పిల్లలకూ చెప్పండి. మీ ఊళ్ళో ఎవరికైనా శాలువా కప్పుతుంటే, చప్పట్లకు చేతులెత్తే ముందు, వాళ్ళ మడి ఎవరి పాలైందో ఒకసారి అడగమనండి.