కనకాలపేటలో రెండు మాచ్‌లెస్‌లు

అయినా దొంగతనమంటే వస్తువును పట్టుకుపోవడం. వస్తువు మీది అంకెల్ని కాగితం మీదికి దించుకుని, వస్తువును ఉన్నచోటే వదిలి రావడాన్ని ఏమంటారు? లూయిస్ స్కూటరును కనకాలపేట వైపు తిప్పుతూ ఆ ప్రశ్నను ఇంకోసారి పరిశీలించి, పరిశోధన అంటారని తేల్చుకున్నాడు. పరిశోధకుడి జేబులో పెన్సిలు, తెల్లకాగితం ఉన్నాయి. డిక్కీలో థిన్నరు సీసా, పాతగుడ్డ ఉన్నాయి. అన్నయ్య క్రిస్టోఫర్, వదిన కామాక్షమ్మ ఆదివారం పూజకు చర్చికి వెళ్ళి ఉంటారు. ఆ ఇంట్లో గేటుకు తాళం వేసే అలవాటు ఎప్పుడూ లేదు.

సంగతి చిన్నదే. వాళ్ళ నాన్నకు ఇంగ్లండులో తయారైన మాచ్‌లెస్ మోటారుసైకిళ్ళు రెండుండేవి. ఒకటి ఆయన వయసులో ఉండగా కొత్తగా కొనుక్కున్నది. రెండోది విడిభాగాల కోసం తుక్కు కింద తెచ్చి పెట్టుకున్నది. రెంటికీ ఒకే నల్లరంగు వేయించాడు. ఆయన పోయాక కొడుకులు చెరొకటి తీసుకున్నారు. తను తీసుకున్నదే నాన్న బండి అని లూయిస్‌కు తెలుసు. తను తీసుకున్నదే నాన్న బండి అని క్రిస్టోఫర్‌కూ తెలుసు. సంవత్సరీకపు భోజనాల దగ్గర క్రిస్టోఫర్ తమ్ముడి బండిని ‘ఆ తుక్కు’ అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నాన్న తననే ఎక్కువ నమ్మాడనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ బండి ఒక్కటే. ఈ మాట లూయిస్ తనలో తాను కూడా అనుకోలేదు. నంబర్ల గురించి మాత్రమే ఆలోచించేవాడు. ఫ్యాక్టరీలో ఏ ఇంజను ఏ ఫ్రేములో కూర్చుని ఏ ఏడాది బయటికొచ్చిందో చెప్పే క్లబ్బు ఒకటి ఇంగ్లండులో ఉందని ఈమధ్యే తెలిసింది. తన బండి నంబర్లు రెండూ, నాన్న కొత్త బండి కొన్న ఏడాదీ సిద్ధంగా ఉన్నాయి. అన్నయ్య బండివి కూడా పంపితే తుక్కు ఏదో ఇంగ్లండే చెబుతుంది. ఇంగ్లండు చెప్పాక కనకాలపేట ఒప్పుకోక తప్పదు.

క్రిస్టోఫర్ బండి వరండాలో, గోడకున్న నాన్న ఫోటో కింద నిలబడి ఉంది. లూయిస్ మోకాళ్ళ మీద కూర్చుని, థిన్నరుతో మడ్డి తుడిచి, కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దాడు. ముందు ఫ్రేము నంబరు, తర్వాత ఇంజను నంబరు తేలాయి. నాలుగు నంబర్లనూ ఫోటో తీసి అక్కడికక్కడే ఇంగ్లండుకు పంపేశాడు. గెలిచినట్టే అనిపించింది. థిన్నరు ఘాటుకు కళ్ళు ధారలు కడుతున్నాయి.

"లూయిసూ" అన్న పిలుపు వెనకనుంచి వినిపించింది.

మోకాలి నొప్పితో పూజకు వెళ్ళకుండా ఆగిపోయిన కామాక్షమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు కనిపించింది ఇది: మామగారి ఫోటో కింద, మామగారి బండి ముందు, తల వంచుకుని, మోకాళ్ళ మీద, కన్నీళ్ళతో మరిది.

"కళ్ళలో థిన్నరు పడింది వదినా."

"మీ అన్నయ్యా అంతేనయ్యా. మొన్న ఆ ఫోటోకి దండేత్తా, కంట్లో నలక పడిందన్నారు. కూకో, టీ ఎడతాను."

నిజం చెబితే దొంగ, చెప్పకపోతే మంచి తమ్ముడు. లూయిస్ రెండు పాత్రల్నీ బేరీజు వేసి, తాత్కాలికంగా మంచి తమ్ముడిగా ఉండడానికి నిర్ణయించుకున్నాడు. టీ తాగి వెళ్ళిపోతే సరిపోతుంది.

టీ మరిగేలోపు కామాక్షమ్మ భర్తకు ఫోను చేసింది. పక్కింటి మంగతాయారు గోడ మీదుగా అంతా చూసి వీధికి చెప్పింది. వీధిలో ఆ కబురు, తమ్ముడు క్షమాపణ అడిగాడని మారింది. చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి, ఇంకెప్పుడూ ఆ బండి మాటెత్తనని ప్రమాణం చేశాడని. పూజ అయ్యాక క్రిస్టోఫర్ పండుగప్ప బేరమాడుతున్న చేపల బజారులో, తన బండి కూడా అన్నకే ఇచ్చేస్తున్నాడని. క్రిస్టోఫర్ దేన్నీ కాదనలేదు. చేప కోయించుకుంటూనే ఒక ట్రాలీ ఆటోను తమ్ముడి ఇంటికి పంపించాడు.

ఆ సంగతి లూయిస్‌కు భార్య స్టెల్లా ఫోను వల్ల తెలిసింది.

"ఏవండీ, బండి ఎక్కించేసేనండి. తాళ్ళు కూడా దగ్గరుండి కట్టించేను."

"ఎవరిమ్మన్నారు?"

"మీరేనంటకదండీ. అందరూ ఒకటే మెచ్చుకోడం. మన వరండాకి ఎంత ఎలుతురొచ్చిందో తెల్సా?"

అరగంటలో రెండు మాచ్‌లెస్‌లూ ఒకే వరండాలో పక్కపక్కన నిలబడ్డాయి. క్రిస్టోఫర్ చేపల సంచితో లోపలికి వచ్చి తమ్ముడి వైపు చూడబోయి, తమ్ముడి బండి వైపు చూశాడు.

"టైర్లలో గాలి తక్కువుంది" అన్నాడు, బండితోనే.

"మొన్నే కొట్టించాను" అన్నాడు లూయిస్, అన్నయ్య బండితో.

భోజనానికి కూర్చున్నప్పుడు లూయిస్ ధైర్యంగానే ఉన్నాడు. ఇంగ్లండు జవాబు వచ్చేదాకా తినడం, వచ్చాక లేచి నిలబడి చదవడం, ట్రాలీని వెనక్కి పిలిపించడం. మొదటి వాక్యం కూడా మనసులో రాసిపెట్టుకున్నాడు. రెండో ముద్ద దగ్గర ఫోను మోగింది. ఎడమచేత్తో తెరిచాడు.

చదివాడు. లేవలేదు. మళ్ళీ చదివాడు.

కొత్తగా కొన్న బండి ఇంజను లూయిస్ దాంట్లో ఉంది. ఆ ఇంజనుతో ఫ్యాక్టరీ దాటిన ఫ్రేము క్రిస్టోఫర్ దగ్గర ఉంది. తుక్కు బండి కూడా అలాగే చెరిసగంగా ఇద్దరి దగ్గరా ఉంది.

"ఏంట్రా అది?" అన్నాడు క్రిస్టోఫర్. తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది.

లూయిస్ జరిగిందంతా చెప్పాడు, పెన్సిలుతో సహా. ఎవరూ కోప్పడలేదు. కామాక్షమ్మ మాత్రం గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నాన్నే మార్చుంటాడ్రా" అన్నాడు క్రిస్టోఫర్. "వర్షాకాలం రెండూ ఇప్పేసి టార్పాలిన్ పరదా మీద పరిచేవోడు కదా. ఏది స్టార్టయితే అదే నా బండి అనేవోడు."

లూయిస్‌కు ఆ పరదా గుర్తొచ్చింది. నూనె చేతులతో నాన్న ఇద్దర్నీ ఒకేలా కసురుకోవడం గుర్తొచ్చింది. తననే నమ్మాడన్న సాక్ష్యం అందులో ఎక్కడా లేదు. అన్నయ్యను ఎక్కువ నమ్మాడన్నదీ లేదు.

జవాబు చివర ఇంగ్లండు పెద్దమనిషి ఒక ప్రశ్న అడిగాడు. ఇద్దరు యజమానులకూ పడితే ఈ బళ్ళను ఒక పూటలో సరిచేసుకోవచ్చు, ఆ రెండో యజమాని మీకు తెలుసా అని.

ఎదురుగా రెండో యజమాని పండుగప్ప ముక్కకు ముల్లు తీసి, ఎటో చూస్తూ, తమ్ముడి పళ్ళెంలో వేశాడు.

లూయిస్ ఎడమ బొటనవేలితో, ఒక్కో అక్షరమే నొక్కుతూ, తెలుసు, మా అన్నయ్య అని ఇంగ్లీషులో రాసి పంపాడు.

ఇంజను మాత్రం తన దగ్గరే ఉంటుందని, కదలాల్సింది అన్నయ్య ఫ్రేమేనని పులుసు కలుపుకుంటూ నిశ్చయించుకున్నాడు.