జగడాల రికార్డు

పచ్చ అట్ట రికార్డు మోగిన చోట మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటారని ఆ నాలుగంతస్తుల భవనంలో అందరికీ తెలుసు. నమ్మేవారు అనడం సరికాదు. నమ్మకంలో ఎక్కడో ఓ మూల కాస్త సందేహం నక్కి ఉంటుంది; ఇక్కడ అదీ లేదు. లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగి కాసేపు ఆలోచిస్తుందనీ, మేడమీది ట్యాంకు మధ్యాహ్నానికి ఖాళీ అవుతుందనీ తెలిసినట్టే ఇదీ తెలుసు.

ఆ రికార్డు నాలుగో అంతస్తు మాస్టారిది. జీవితమంతా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. దయ్యాన్నీ జాతకాన్నీ ఒకే చిరునవ్వుతో సాగనంపేవారు. ఆయనకున్న బలహీనతల్లా పంతొమ్మిది వందల అరవైల నాటి బ్రిటిష్ రాక్ బృందాలు. బీటిల్స్ దగ్గర మొదలుపెట్టి కింక్స్ మీదుగా, ఇంగ్లండువాళ్ళే మరిచిపోయిన బృందాల దాకా ఓ గదినిండా ఆల్బంలు పోగుచేశారు. "పాతికేళ్ళు నిండని కుర్రాళ్ళండీ," అనేవారు, వినేవాడు దొరికితే. "టేపు మీద నాలుగంటే నాలుగు ట్రాకులు. అందులోనే సితారు ఇరికించారు, గిటారు వాయించిన టేపును వెనక్కి తిప్పి వినిపించారు. పనిముట్లు తక్కువైతే బుర్ర ఎక్కువ పనిచేస్తుంది." వినేవాడు అప్పటికి చెప్పుల్లో కాళ్ళు పెట్టేసుకుని ఉండేవాడు.

పచ్చ అట్ట ఆల్బం చేసింది అంత పేరున్న బృందమేమీ కాదు. మూడు ఆల్బంలు చేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. అయితే ఆ ఆల్బంలో రెండో వైపు ఒక పాట ఉంది. అందులో బేస్ గిటారు పాటకు వంత పాడదు; పక్కనే తన పాట తాను పాడుకుంటూ నడిచి, చివర్లో ఏమీ ఎరగనట్టు వచ్చి కలుస్తుంది. మాస్టారు ఎన్నిసార్లు విన్నా, ఆ కలిసే చోట కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

పుకారుకు మూలం భవనం సెక్రటరీ దంపతులు. రంగుల పని గురించి మాట్లాడదామని వచ్చినవాళ్ళకు మాస్టారు ఉత్సాహం పట్టలేక ఈ రికార్డు వినిపించారు. ఆ రికార్డు చేసిన రోజుల్లో స్టీరియో కొత్త. ఇంజనీర్లు చాలా రికార్డుల్లో గొంతులన్నీ ఒక స్పీకర్లోకీ, వాద్యాలన్నీ రెండో స్పీకర్లోకీ నెట్టేసేవారు. సెక్రటరీ ఒక స్పీకర్ పక్కన కూర్చున్నారు, ఆయన భార్య రెండో దాని పక్కన.

"పాట ఎప్పుడు మొదలవుతుంది మాస్టారూ? ఇందాకట్నించీ డ్రమ్ములే కొడుతున్నారు," అన్నారు సెక్రటరీ.

"డ్రమ్ములేంటండీ? అబ్బాయి హాయిగా పాడుతుంటే," అంది ఆయన భార్య.

"అంటే, నాకు చెవుడా?"

"నేననలేదు. పెళ్ళిచూపులప్పుడు మా నాన్న అన్నాడు. నేనే వినిపించుకోలేదు."

"చూశావా, చెవుడు ఎవరికో."

ఆ మాట మీద ఆవిడ అక్కగారింటికి వెళ్ళి వారం పాటు రాలేదు. తర్వాత మూడో అంతస్తు దంపతులకూ ఇదే జరిగింది. ఒక సూత్రం తయారు కావడానికి లోకానికి రెండు ఉదాహరణలు చాలు. స్టీరియో గురించి మాస్టారు మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పారు. "నిజమేనండీ," అని తలూపి, వెళ్ళి తలుపులు వేసుకునేవారు. ఆ తలుపుల చప్పుడు భరించలేక ఆయన నెల రోజులుగా పచ్చ అట్ట జోలికే పోలేదు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఒకనాడు మాస్టారి భార్య టేపుతో గది కొలుచుకుని, "ఏమండీ, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని ఒప్పుకున్నాను. ఒకటో తారీఖు నుంచి ఈ గది నా మిషన్లకి," అంది. "మీ రికార్డులు కింద ఖాళీ గదిలో పెట్టుకుంటారో, పాత సామాన్లవాడికి ఇస్తారో మీ ఇష్టం."

కింది అంతస్తులో అందరిదీ అయిన గది ఒకటి, ఎవరిదీ కానట్టు పడి ఉంది. మాస్టారు వెళ్ళి అడిగితే సెక్రటరీ గెడ్డం గోక్కున్నారు. "నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ. కానీ పై అంతస్తులో ఉంటేనే ఇన్ని కొంపలు ముంచింది. కిందికి దింపితే పునాదే కదిలిపోతుందంటున్నారు జనం."

"అయితే జనం ముందే తేల్చుకుందాం," అన్నారు మాస్టారు. "ఆదివారం పొద్దున అందరూ జంటలుగా రండి. ఆ రికార్డే పెడతాను. గొడవ జరిగితే గది అడగను."

ఆదివారం ఉదయానికి అనుకున్న పథకం చాలా తేలిక. రెండు స్పీకర్లు, ఎదురుగా కుర్చీలు, ఒక పాట, తర్వాత కాఫీ. సాయానికి మాస్టారి బావమరిది పొద్దున్నే దిగాడు. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం.

"మీరు పైనే ఉండండి బావగారూ, అంతా నేను చూసుకుంటాగా," అన్నాడు. కింది గది పెద్దది కావడంతో ఒక స్పీకర్ వైరు చాల్లేదు. బావమరిది అక్కగారి కుట్టుపెట్టె పక్కన దొరికిన వైరు ముక్క అతికాడు. దాని రెండు పోగులూ తెల్లవే. ఏది దేనికి కలపాలో తెలియకపోతే మాస్టారైతే ఆగి ఆలోచిస్తారు. బావమరిదికి ఆ అలవాటు లేదు.

మొదటి చిక్కు కుర్చీలతో వచ్చింది. మధ్యన కూర్చుంటేనే రెండు స్పీకర్లూ సమానంగా వినపడతాయని మాస్టారే నెల రోజులుగా ప్రచారం చేసి ఉన్నారు. ఆయన చెప్పినదాంట్లో జనం బుర్రకెక్కించుకున్నది అదొక్కటే. వచ్చిన ప్రతి జంటా తిన్నగా మధ్యకు నడిచింది.

"కాపురం నిలబడాలంటే మధ్యనే కూర్చోవాలిట, మీరు కాస్త జరగండి వదినగారూ."

"మా కాపురం మాత్రం గోడవారన పడిపోవాలా?"

"నేను పొద్దున్నే రుమాలు వేసి వెళ్ళాను."

"రుమాలుకి కాపురం ఉంటుందా?"

"ఇంకా మోగనే లేదు, చూశారా దాని మహిమ," అన్నారు వెనకనుంచి ఎవరో, తృప్తిగా.

మాస్టారు చేతులెత్తి అందర్నీ ఆపారు. ఆంప్లిఫయరుకు మోనో మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే గొంతూ వాద్యాలూ కలిసిపోయి రెండు స్పీకర్లలోనూ ఒకేలా వస్తాయి. "ఇక మధ్య, పక్క అన్న తేడా లేదు. ఎక్కడ కూర్చున్నా ఒకటే," అని ప్రకటించి మీట నొక్కారు. పచ్చ అట్టను బావమరిది చేతికిచ్చి, కుర్చీల తగువు తీర్చడానికి తాను గది మధ్యకు వెళ్ళారు.

పాట మొదలైంది. గోడవార కూర్చున్నవాళ్ళు తలలూపడం మొదలుపెట్టారు. పోరాడి మధ్య కుర్చీలు గెలుచుకున్నవాళ్ళకు మాత్రం ఎక్కడో రేకు డబ్బాలో ఈగ తిరుగుతున్నట్టు వినబడింది. కారణం ఆ తెల్ల పోగులే. అవి తారుమారు కావడంతో ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తున్న క్షణంలోనే రెండోది వెనక్కి లాగుతోంది. రెండూ సరిగ్గా మధ్యలో కలుసుకుని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. మధ్యలో నిలబడ్డ మాస్టారికి అది ఏ పాటో ఆనవాలు కూడా దొరకలేదు.

"మధ్యన అంతా మాయే," అన్నాడు మూడో అంతస్తు ఆయన లేచి. "నేను గోడవారన కూర్చుందామంటే విన్నావా నువ్వు?"

"నన్నంటారేం? మధ్యనుంచి మా అమ్మ వచ్చినా లేవద్దన్నది ఎవరు?"

అర నిమిషంలో గది చేపల బజారైంది. మాస్టారు గబగబా వెళ్ళి స్పీకర్ వెనక వంగి చూశారు. తెల్ల వైరు కనబడింది. ఆయన జీవితంలో భార్య మీద గొంతు పెంచింది లేదు. ఆ రోజు పెంచారు.

"ఇదేమిటి? మీ తమ్ముడికి పాజిటివ్, నెగటివ్ తేడా కూడా తెలియదా?"

"మా తమ్ముణ్ణి అందరి ముందూ అంటే ఊరుకోను. పొద్దున్నే నిద్ర లేపి పిలిపించింది మీరు."

"పిలవలేదు. తనే వచ్చాడు."

"అంటే పిలవకుండా వచ్చే మనుషులమా మేము?"

గదిలో తలలన్నీ అటు తిరిగాయి. మాస్టారు దంపతులు పోట్లాడుకోవడం ఆ భవనం ఎప్పుడూ చూడలేదు. ఇంతకంటే రుజువు అక్కర్లేదన్నట్టు సెక్రటరీ లేచి నిలబడ్డారు. "మాస్టారూ, మీమీద గౌరవం ఉంది. కానీ మాటంటే మాటే కదా. ఈ గది..."

ఆ మాట పూర్తికాకముందే రెండో అంతస్తు పళ్ళ డాక్టరు భార్య గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కాగితపు సంచీ ఉంది. డాక్టరు దంపతుల పోట్లాటలు ఒకప్పుడు భవనానికి గడియారం లాంటివి. రాత్రి వాళ్ళు మొదలుపెడితే జనం పిల్లల్ని పడుకోబెట్టేవారు. నెల రోజులుగా వాళ్ళింట్లోంచి చప్పుడే లేదు. లిఫ్టు ఆగిన ప్రతిసారీ జనం అక్కడ చెవి పెట్టి విని, ఏమీ వినబడక దిగులుపడేవారు.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి," అందావిడ. "మీ పచ్చ అట్ట రికార్డు, పిన్నిగారూ. మీరిచ్చి నెలైంది. ఇవాళ ఇది కావాలి కదా అని తెచ్చాను."

మాస్టారు భార్య వైపు చూశారు.

"మీరు అట్టలు గడప దాటనివ్వరుగా," అందావిడ, ఇంకా కోపంగానే. "ఉత్త రికార్డు కాగితంలో చుట్టి ఇచ్చాను. పాపం, మా ఇంట్లో పోట్లాటలకి ఇదొకటి లెక్కా, వినాలనుంది అని అడిగింది. ఖాళీ అట్ట ఒకటి కనబడింది, అట్ట లేని రికార్డు ఇంకోటి కనబడింది. కలిపేశాను. ఇల్లు సర్దడమంటే అదే."

మాస్టారు వెళ్ళి తిరుగుతున్న రికార్డు మీది లేబుల్ చదివారు. అది అసలు ఆ బృందానిదే కాదు. "చూశారుగా," అన్నారు అందరి వైపూ తిరిగి. గొంతులో విజయం దాచుకోలేకపోయారు. "పొద్దుట్నుంచీ జరిగిన గొడవలన్నీ ఆ రికార్డు ఈ గదిలో లేనప్పుడు జరిగినవి."

సెక్రటరీ ఈ మాటను నెమ్మదిగా నమిలారు. మొహం విప్పారింది. "అదే కదా నేనూ అంటున్నది. లేదు కాబట్టే జరిగాయి. నెల్లాళ్ళు అది వీళ్ళింట్లో ఉంది, నెల్లాళ్ళూ వీళ్ళింట్లో చప్పుడు లేదు. ఇన్నాళ్ళూ మనం తిరగేసి అర్థం చేసుకున్నాం."

"అవునవును," అంది గది మొత్తం, ఎప్పట్నుంచో తెలిసినట్టు.

"అది కాదండీ, ఒక్క ఉదాహరణతో..." అని మాస్టారు మొదలుపెట్టారు. భార్య ఆయన మోచేయి పట్టుకుంది. "గది వచ్చేస్తోంది. కాసేపు సైన్సు ఆపండి," అంది మెల్లగా. గది వచ్చేసింది. షరతు ఒక్కటే: పచ్చ అట్ట రికార్డును వారానికో ఇంటికి వంతులవారీగా ఇవ్వాలి. మొదటి వంతు తనదేనని సెక్రటరీ భార్య అందరికంటే ముందు చెప్పింది.

సాయంత్రానికి ఆల్బంలన్నీ కిందికి దిగాయి. బావమరిది ఈసారి వైర్ల జోలికి పోకుండా మోత పని మాత్రం చేశాడు. మాస్టారు వైర్లు సరిచేసి, అందరూ కాఫీకి పైకి వెళ్ళిన సమయం చూసి, పచ్చ అట్టలో రెండో వైపు పెట్టుకుని కూర్చున్నారు. బేస్ గిటారు తన దారిన తాను నడిచి నడిచి వచ్చి పాటను కలిసింది. ఆయన కళ్ళజోడు తీశారు.

అప్పుడే పళ్ళ డాక్టరు గుమ్మంలో నిలబడి కనిపించాడు, చేతుల్లో పాత ప్లేయర్‌తో. "మాస్టారూ, దీనికి సూది ఎక్కడ దొరుకుతుందో చెప్తారా? పళ్ళకు వాడే సూదులన్నీ పెట్టి చూశాను, పనికి రాలేదు."

"ఎప్పుడు విరిగింది?"

"మీ రికార్డు తెచ్చుకున్న రోజే. పెట్టబోతుంటే చేయి తగిలింది. ఒక్క పాట కూడా వినలేదు."

మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చెప్పకుండా ఊరుకుంటే గది ఉంటుంది. చెబితే ఏమవుతుందో తెలియదు. గుమ్మం అవతల భార్య కొలత టేపు మెడలో వేసుకుని నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. ఆయన ఆవిడ మొహం వైపు ఒకసారి చూసి నిట్టూర్చి, మెట్ల మీద నుంచి దిగుతున్న సెక్రటరీని కేకవేశారు.

"ఇలా రండి. డాక్టరుగారూ, ఆ మాట ఈయనకు మళ్ళీ చెప్పండి."

డాక్టరు చెప్పాడు. సెక్రటరీ సూది లేని ప్లేయర్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. భక్తిగా తలూపారు.

"మోగకుండానే ఇంత పని చేసిందంటే, మాస్టారూ, మోగితే ఇంకెంత చేస్తుందో," అన్నారు. గది తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

డాక్టరు నెల రోజుల కిందటే క్లినిక్ వేళలు రాత్రికి మార్చుకున్నాడు. అతను ఇల్లు చేరేసరికి భార్య నిద్రపోతూ ఉండేది, ఆవిడ ఉద్యోగానికి బయల్దేరేసరికి అతను నిద్రపోతూ ఉండేవాడు.