ఎత్తుపళ్ల తీర్మానం

ఒక పెద్ద అడవిలో పులులు పంచాయతీ పెట్టుకుని గాండ్రప్ప అనే పులిని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నాయి. గాండ్రప్పకు మీటింగులంటే ప్రాణం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఏమీ తోచకపోతే ఇంకొకటి.

ఆయనకు ఒక్కగానొక్క కొడుకు బెబ్బులు. నాన్న గుహ దాటగానే వాడు ముందరి పంజా నోట్లో పెట్టుకుని చీకేవాడు. తోటి పిల్లలంతా మానేసినా వాడు మానలేదు.

తల్లి చారలమ్మకు దిగులు పట్టుకుంది. మొగుణ్ణి కూడా లాక్కుని, పళ్ల వైద్యం చేసే ఉడుత కొరుకుడమ్మ దగ్గరికి వెళ్లింది.

కొరుకుడమ్మ బెబ్బులు నోట్లోకి సగం దూరి, చూసి, బయటికొచ్చింది.

"పసితనంలో చీకడం తప్పు కాదమ్మా. పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చేదాకా సాగితేనే చిక్కు. పైపళ్లు ముందుకొస్తాయి, కిందివి లోపలికి వాలతాయి, మధ్యలో సందు పడుతుంది. ఇప్పుడే మానితే చాలామటుకు వాటంతటవే సర్దుకుంటాయి."

"ఎలా మాన్పించను తల్లీ?"

"తిట్టొద్దు, కొట్టొద్దు. బెంగ కలిగినప్పుడే చీకుతున్నాడు. అయ్యగారు రోజూ కాసేపు పక్కన కూర్చుంటే చాలు."

గాండ్రప్ప గొంతు సవరించుకున్నాడు. "మంచి సూచన. కమిటీకి పంపుదాం."

కమిటీ మూడుసార్లు కూర్చుని, పంజాకు వేపపసరు పూయమంది. పూశారు. బెబ్బులు ఏడ్చి ఏడ్చి, రెండో పంజా నోట్లో పెట్టుకున్నాడు. మొదటి పంజా మానేశాడు కనక కమిటీ దాన్ని 'పాక్షిక విజయం' అని రాసుకుంది.

ఈలోగా అసలు పళ్లు రానే వచ్చాయి. పైవి చూరులా ముందుకు పొడుచుకొచ్చాయి. తోటి పిల్లలు నవ్వారు. బెబ్బులు గుహలోంచి కదలనని మొండికేశాడు.

ప్రెసిడెంటు పరువు పోయేలా ఉంది. సెక్రటరీ నక్క ఆయన చెవిలో ఊదింది. "అయ్యా, పళ్లను వెనక్కి నెట్టడం కష్టం. ఎత్తుపళ్లే రాచఠీవి అని తీర్మానం చేద్దాం."

తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది.

"అందం సంగతి సరే, కొరకడం సంగతో?" అనడిగింది కొరుకుడమ్మ.

"అది ఎజెండాలో లేదు," అంది నక్క.

ఇక ఇంటింటా తల్లులు పిల్లల నోళ్లలో పంజాలు కుక్కారు. ఎప్పుడో మానేసినవాళ్లను కూడా బతిమాలి మళ్లీ మొదలుపెట్టించారు.

పిల్లలు ఎదిగారు. తొలి వేట చూడ్డానికి అడవంతా కదిలొచ్చింది. బెబ్బులు ఒక్క దూకు దూకి దుప్పి మెడ పట్టాడు, బలమంతా పెట్టి కొరికాడు. పైపళ్లు కిందిపళ్లను కలవలేదు.

దుప్పి కాసేపు ఓపిగ్గా ఆగింది. "అయిందా బాబూ? చక్కిలిగింతగా ఉంది," అని మెడ విడిపించుకుని వెళ్లిపోయింది. మిగతా పిల్లపులులకూ అదే గతి.

నెల తిరక్కుండా పెద్ద పులులన్నీ పిల్లలకు మాంసం చీల్చి పెట్టడంలో మునిగిపోయాయి. మీటింగులకు కోరం లేదు. గాండ్రప్ప కూడా కొడుకు పక్కనే కూర్చుని ముక్క ముక్కగా తినిపించసాగాడు. పదిరోజులకు బెబ్బులు పంజా చీకడం మానేశాడు.

చారలమ్మ పరుగున వెళ్లి కొరుకుడమ్మను పిలుచుకొచ్చింది.

"ఇక పళ్లకు తీగ కట్టి మెల్లగా వెనక్కి లాగుదాం. చాలాకాలం పడుతుంది," అంది ఉడుత.

"కుదరదు," అంది నక్క. "ముందు తీర్మానం రద్దు కావాలి. అందుకు మీటింగు పెట్టాలి."

మీటింగు మాట వినగానే గాండ్రప్ప లేచాడు. బెబ్బులు నాన్న తోక గట్టిగా పట్టుకున్నాడు.

గాండ్రప్ప ఒకసారి కొడుకును చూశాడు. మళ్లీ కూర్చున్నాడు.

"కట్టమ్మా తీగ," అన్నాడు.

నీతి: వంకర పళ్లను సరిచేయడం కన్నా వంకరే అందమని తీర్మానించడం తేలిక, కొరకాల్సిన పని పడనంతవరకు.