ఫరూక్ వేయించిన నీలం వైరు

ఆ ఉదయం ఫరూక్ వేసుకున్న లెక్క తేలికైనదే. నిన్న రేపల్లెలో తీసిన జెన్నిఫర్ పెళ్లి వీడియో, తెనాలిలోని తన ఇంటి కింద గదిలో పెద్ద కంప్యూటర్లో ఉంది. అది మేడ మీద భార్య షాహీన్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలి. ఆమె దాన్ని ఇరవై నిమిషాలకు కుదించాలి. సాయంత్రం బాపట్లలో రిసెప్షన్. అక్కడ తెర మీద వేస్తామని పెళ్లికూతురి తండ్రి మనోహర్‌కు మాటిచ్చేశాడు. కింది కంప్యూటరుకీ మేడకీ మధ్య నీలం నెట్‌వర్క్ వైరు కిందటి నెలే వేయించాడు కాబట్టి, పది నిమిషాల పని అనుకుని టీకి కూర్చున్నాడు.

టీ తాగి వచ్చి చూస్తే, ఇంకా మూడు గంటలు పడుతుందని కంప్యూటర్ చూపిస్తోంది.

"పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి, నేను పట్టుకెళ్తా," అంది షాహీన్ మెట్ల మీద నుంచి.

ఫరూక్‌కు వైరును ఎవరో నలుగురిలో అవమానించినట్టనిపించింది. "గోడలకి బెజ్జాలు కొట్టించి వైరు లాగించింది పెన్‌డ్రైవ్ మొయ్యడానికా?" అని, వైరు వేసిన సుమంత్‌కు రేపల్లె ఫోన్ చేశాడు.

"రెండు చివర్లా వైరు సరిగ్గా ఉందాండి?" అన్నాడు సుమంత్.

"షాహీన్, అక్కడ వైరు ఉందా?"

"ఉందండి. ఉంది గానీ..."

"ఉందంటయ్యా," అన్నాడు ఫరూక్ ఫోన్లో. ఆమె మాటలో మిగతా సగం మెట్ల మీదే ఉండిపోయింది.

"అయితే మధ్యలో ఎక్కడో నలిగి ఉంటదండి. లోపల ఒక్క తీగ తెగినా స్పీడు పదో వంతుకి పడిపోద్ది. మీద బరువేమన్నా ఉందేమో చూడండి సార్."

ఉంది. హాల్లో వైరు పోయే దారిలో ఇనప బీరువా ఉంది. ఆఫీసుకు బయల్దేరుతున్న పక్కింటి కృష్ణతేజను ఫరూక్ గుమ్మంలోనే పట్టుకొచ్చాడు.

"ముందు బీరువాలో బట్టలు తీసేద్దామా అన్నా?"

"తాళం అమ్మ దగ్గరుంది. అడిగితే ఎందుకని అడుగుతుంది."

దాంతో నిండు బీరువానే తోశారు. రెండడుగులు బుద్ధిగా జరిగింది. మూడో అడుగులో ముందు కాలు విరిగి, వంటింటి తలుపుకు అడ్డంగా చతికిలబడింది. మళ్లీ కదల్లేదు. లోపల వంట చేస్తున్న తల్లి కరీమాబీ గొంతు వినిపించింది.

"ఎవర్రా తలుపేసింది?"

"తలుపు కాదమ్మా, బీరువా."

"బీరువాకి ఇక్కడేం పని?"

"వైరు నలిగిందమ్మా."

"నలిగితే ఇస్త్రీ చేయించు. తలుపెందుకు మూశావు?"

కృష్ణతేజ ఆఫీసుకు సెలవు చెప్పి, తమ పెరట్లోంచి గునపం తెచ్చాడు. ఇద్దరూ బీరువా కింద పెట్టి ఎత్తారు. విరిగిన కాలు నేలను గీసుకుంటూ జరిగి, దారిలో ఉన్న నీలం వైరును రెండు ముక్కలు చేసింది. బీరువా మాత్రం అక్కడే ఉంది.

ఒక్కో చేత్తో ఒక్కో ముక్క పట్టుకుని ఫరూక్ నేల మీదే కూర్చుండిపోయాడు. బీరువాతో పెనుగులాటలోనే మూడు గంటలు గడిచిపోయాయి. అప్పటికే మనోహర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లి వీడియో కూడా ఆలస్యం చేయనివాడు, ఆయనకు ఏమని చెప్పాలో మనసులోనే కూర్చుకుంటున్నాడు. ఇంతలో షాహీన్ మెట్లు దిగి వచ్చింది.

"వచ్చేసిందండి వీడియో."

ఫరూక్ చేతుల్లోని ముక్కల వంక చూశాడు. "దీంట్లోంచా?"

"వైఫైలోంచి. కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ వైరు గుచ్చే చోటే లేదు. కాళ్లకి తగులుతోందని బల్లకి కట్టేశాను."

"మరి ఉందన్నావు?"

"ఉందనే అన్నాను. గుచ్చి లేదనేలోపు మీరు ఫోన్లోకి వెళ్లిపోయారు."

కృష్ణతేజ గునపాన్ని శ్రద్ధగా పరిశీలించసాగాడు. సన్నగా, ముచ్చటగా ఉందని ఆ ల్యాప్‌టాప్ ఏరి కొన్నది ఫరూకే.

షాహీన్ పైకి వెళ్లి పనిలో పడింది. సాయంత్రం బాపట్లలో వీడియో వేళకే తెర మీదికి వచ్చింది. బీరువా కాలు అతికే వెల్డింగు మనిషి మూడింటికి గానీ రాలేనన్నాడు కనక, మధ్యాహ్నం భోజనాలు మాత్రం అందరూ పెరట్లో నిలబడి, వంటింటి కిటికీ ఊచల సందులోంచి అందుకున్నారు.